లిల్లీని పోలిన అడవిమొక్కలు – వానిని గుర్తించు విధము

తొలకరి వానలు కురిసిన పిమ్మట మంగళగిరి వంటి మెట్టప్రాంతములలో కొండవాలునను, ప్రత్తి, మిరప చేల కంచెలయందును కొన్ని దుంపమొక్కలు మొలకెత్తును. వీనిలో అడవినాభి, నక్కవుల్లి, విషముంగలి అనునవి రైతులు తప్పక గుర్తెఱుగవలసినవి. మూడును విషపుమొక్కలే. పువ్వున ఆఱు రేకులు, ఆఱు కేసరములు, మూడు గదుల అండాశయము ఉండుట మూడింటికిని సామాన్య లక్షణము. పూర్వపు శాస్త్రజ్ఞులు మొదటి రెండింటిని లిల్లీ కుటుంబమున చేర్చిరి. నేడు మూడును వేర్వేఱు కుటుంబములుగా ఎన్నబడుచున్నవి. ఆ విభాగముతో సేద్యగానికి పనిలేదు.

అడవినాభి తీగమొక్క. దీని ఆకుకొన సన్నమై నులితీగవలె చుట్టుకొని ప్రక్కకొమ్మను పట్టుకొనును. పెండలపు తీగకు ఇట్టి కొన లేదు. దాని కాడయే కొమ్మను చుట్టుకొని పైకి ప్రాకును. ఈ భేద మొక్కటి జ్ఞప్తియందుంచుకొన్నను చాలును. నాభిపువ్వు రేకులు అలలవంటి అంచులు గలిగి వెనుకకు మడిగియుండును. మొదట పసుపువన్నెతో నుండి క్రమముగా ఎఱ్ఱబాఱును. కీలము మొదటనే ప్రక్కకు వంగియుండును. దుంప నాగలివలె వంగియుండుటచేత సంస్కృతమున దీనికి లాంగలి యని పేరు గలిగెను. మందులంగళ్ళలోని వత్సనాభి హిమాలయప్రాంతపు వేఱొక మొక్క. పేరునుబట్టి రెండింటిని ఒకటిగా తలంపరాదు.

ఈ దుంపయందును గింజలయందును కోల్చిసిన్ అను విషము గలదు. ఉడికించినను అది పోదు. పెండలమనియు, చిలగడదుంపయనియు భ్రమించి తిని మరణించినవారు మనదేశమునను సింహళమునను గలరు. తినిన కొన్ని గంటలకుగాని వాంతులు, విరేచనములు ఆరంభము కావు. కావున బాధ లేదని ఊరకుండక, మిగిలిన దుంపముక్కతోసహా రోగిని వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. వేసవిలో తీగ ఎండిపోయి దుంప మాత్రమే నేలలో మిగులును. అపాయ మప్పుడే హెచ్చు. కంచె త్రవ్వునప్పుడు బయటపడిన దుంపను కూలివారు ఇంటికి కొనిపోకుండ భూస్వామి చూచుకొనవలెను. ఈ విషమే తగుమాత్రమున కీళ్ళవాతమునకు మందగుటచే, తమిళదేశమున గింజలకై దీనిని సాగుచేయుచున్నారు.

నక్కవుల్లి గడ్డ ఉల్లిగడ్డవలె పొరలు గలది. కాని నలిపినచో ఉల్లివాసన రాదు. రుచిచూచి పరీక్షింపరాదు, ఏలయన నిది గుండెను చెఱచును. ఉల్లియాకు బోలుగా నుండును, దీని యాకు బల్లపరుపుగా నుండును. ఆకులు రాకముందే కాడ లేచి, దాని పొడవునను మాసినవన్నె చిన్నపువ్వులు దూరదూరముగా పూయును. ఉల్లిపువ్వులైనచో కాడ చివర ఒకే బంతిగా నుండును.

విషముంగలి కాలువగట్లను, తడినేలలను పెరుగును. లావైన కాడ చివర తెల్లని పెద్దపువ్వులు గుత్తిగా నుండును. పువ్వును నిలువుగా చీల్చిచూచిన, అండాశయము రేకులకు క్రిందుగా కనబడును. తక్కిన రెండింటికి రేకుల లోపల నుండును.

నాభిదుంప కొనలయందు మొలకెత్తు కన్నులు గలవు. విఱిగిన ముక్కను చేలో విడిచినచో మఱల లేచును. గునపముతో సమూలముగా పెకలించి, పశువులకు అందని చోట ఎండబెట్టి కాల్చి, చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను.