చెలకకు ఒక లెక్క, రేగడికి ఒక లెక్క

పంట నమూనా అనగా చేను చేసే పనిని కంప్యూటరు చేత రోజువారీగా లెక్క కట్టించడమే. వాన, ఎండ, వేడిమి, నేల లోతు, విత్తన రకం చెబితే దిగుబడి అంచనా వేస్తుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1980లలోనే జొన్నకు దీన్ని పరీక్షించారు.

మన నల్లగొండ, పాలమూరుల్లో చెలకా, రేగడీ పక్కపక్కనే ఉంటాయి. చెలక 60 మి.మీ. నీళ్ళు, రేగడి 150 దాచుకుంటాయనుకుందాం. పైరు రోజుకు 5 తాగితే చెలకలో 12 రోజులకే అయిపోతాయి. రేగడిలో నెల వస్తాయి. మండలానికొక సగటు కడితే ఈ తేడా మాయం! చెలక రైతుకు రేగడి సలహా చేరుతుంది.

అందుకే పటం కావాలి. షాద్‌నగర్‌లో 1979 నుంచి అందుకుంటున్న ఉపగ్రహ చిత్రాల్లో నేల రంగు తెలుస్తుంది, లోతు తెలియదు. దానికి గడ్డపారే గతి. మా చెలకలో మూరెడు దాటితే మొరమే.