రంపం కింద ఆయిలు మరక

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ వంటి ఊళ్ళలో యంత్రం చెడితే విడిభాగం చాలావరకు సముద్రం దాటి చెన్నై, విశాఖపట్టణం, కోల్‌కతాల నుండి రావలసినదే. కనుక వర్క్‌షాపులో లోహాన్ని కోసే రంపం కింద మరక కనిపించిన నాడే కారణం వెదకవలెను.

ఇక్కడ ఆయిలు కేవలం కందెన కాదు. బ్లేడును మోసే చట్రం సాధారణంగా తన బరువుతోనే దిగుతుంది. సిలిండరులోని ఆయిలు సన్నని వాల్వు గుండా మెల్లగా జారుతూ ఆ దిగుడును అదుపు చేస్తుంది. ఆయిలు కారిపోయి గాలి చేరెనా, చట్రం ఒక్కసారిగా పడి బ్లేడు పళ్ళు విరుగుతాయి. చేయి అడ్డమైతే చెప్పనక్కరలేదు.

ముందు కరెంటు ఆపి, చట్రాన్ని పూర్తిగా దింపి, అంతా తుడిచి, తడి మళ్ళీ ఎక్కడ మొదలగునో చూడవలెను. పంపుతో నడిచే యంత్రమైతే గొట్టాలను వేలితో తడమరాదు. సూదిబెజ్జమంత చిల్లు నుండి వచ్చే ధార చర్మంలోనికి దూసుకుపోగలదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడవలెను.

సీలు మార్చి ఊరుకొనేవారే ఎక్కువ. ఉప్పుగాలికి పిస్టన్ కడ్డీపై తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త సీలు కూడ ఎంతోకాలం నిలువదు. కడ్డీపై గోరు నడిపి చూడండి. గరుకు తగిలితే దానినీ బాగుచేయించవలెను, లేదా మార్చవలెను. పిమ్మట అదే రకం ఆయిలు పోసి, చట్రాన్ని పలుమార్లు ఎత్తి దించి గాలి పోగొట్టి, దిగే వేగం సరిచూచుకొన్న తరువాతనే లోహాన్ని బిగించవలెను.