తుపాకిమందులు: ఒక తులనాత్మక పరిశీలన

హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన నాడు వాడుకలో ఉన్నది నల్లని తుపాకిమందే. సురేకారం, గంధకం, బొగ్గుల ఈ మిశ్రమం మండితే సగానికి పైగా ఘనపదార్థంగా మిగిలి గొట్టానికి మసి పట్టిస్తుంది. 1884లో పాల్ వియే రూపొందించిన నైట్రోసెల్యులోజ్ మందు దాదాపు పూర్తిగా వాయువుగా మారుతుంది.

ఈ రెండవ తరగతిలోనూ భేదాలున్నాయి. మన మేడ్చల్, శామీర్‌పేట పల్లెల పొయ్యిలలో ఎండుపుల్లలు భగ్గుమంటాయి. మొద్దు నిదానంగా కాలుతుంది. రేణువుల పరిమాణం, ఆకారం, పైపూతలను బట్టి మందు వేగమూ అట్లే మారుతుంది. గురిపోటీల చిన్న తూటాకు త్వరగా మండే మందు, పెద్ద తూటాకు నిదానంగా మండేది తగినవి. నిదానపు మందుకు నిర్ణయించిన కొలతలో వేగపు మందు పోస్తే పీడనం హద్దు మీరి తుపాకి పగలవచ్చు. కాల్చినవాని ప్రాణానికే ముప్పు. రూపం ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదని మనం గ్రహించాలి.