ఎంబీబీఎస్ ఆప్షన్ల జాబితా: ఏలూరు, గూడెం పిల్లలు కాలేజీలకు వరస ఎలా కట్టాలి

నీట్ రాసి వచ్చాక ఫలితం కోసం దాదాపు నెలంతా ఎదురుచూడాలి. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ చాలా ఇళ్లలో ఆ నెల కీ పట్టుకుని మార్కులు లెక్కవేయడంతోనే గడిచిపోతుంది. కాలేజీల జాబితా తయారు చేసుకోవాల్సింది అప్పుడే. కౌన్సెలింగ్ మొదలయ్యాక వెబ్ ఆప్షన్లకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఆ హడావుడిలో తెలిసినవాళ్ల అబ్బాయి పెట్టిన వరసే మన పిల్లకూ పెట్టేస్తాం. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఎక్కడ గడవాలన్నది అలా తేలిపోకూడదు.

మొదటి పని స్టడీ సర్టిఫికెట్లు. ఆరో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏ ఏడు ఎక్కడ చదివారో ఒక కాగితం మీద వరసగా రాయండి. రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానికులవి. రాజ్యాంగం 371-డి అధికరణం వెంట వచ్చిన ఏర్పాటిది. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న పాత జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, మనం అందులో ఉన్నాం. రాయలసీమ, నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం. ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ లోకల్. ఆ నాలుగేళ్లు రెండు చోట్ల పడితే ఏడేళ్లూ లెక్కలోకి తీసుకుని, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ లోకల్‌గా చూస్తారు. టెన్త్ దాకా గూడెంలో చదివి ఇంటర్‌కు తిరుపతి హాస్టల్‌కు వెళ్లిన పిల్లవాడికి ఏడింట్లో ఐదేళ్లు ఇక్కడే కాబట్టి ఇబ్బంది లేదు. తొమ్మిదో తరగతి నుంచే పంపేస్తే నాలుగేళ్లూ అక్కడే పడతాయి, ఇక్కడ నాన్‌లోకల్ అవుతాడు. ఫౌండేషన్ కోర్సు పేరుతో చిన్నప్పుడే ఊరు దాటించే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. జాబితాకు దీనితో పనేమిటంటే, ఏయూ లోకల్ పిల్లలకు కర్నూలు, తిరుపతి కాలేజీల్లో దొరికేది మిగిలిన 15 శాతంలోనే. అక్కడ సీటు రావాలంటే ర్యాంకు బాగా మెరుగ్గా ఉండాలి.

తర్వాత డబ్బు. కాలేజీల పేర్లు రాయకముందే ఈ మాట ఇంట్లో తేల్చుకోవాలి. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటావి, వాటినే ఏ కేటగిరీ అంటారు. 35 శాతం బీ కేటగిరీ, 15 శాతం ఎన్నారై కోటా. 2020లో వచ్చిన ఫీజుల ఉత్తర్వుల్లో ఏ కేటగిరీ సీటుకు ఏడాదికి 15 వేలు, బీ సీటుకు 12 లక్షలు. తర్వాత సవరణలు వస్తూనే ఉన్నాయి కాబట్టి మీ ఏటి ఉత్తర్వు తప్పక చూడండి. ప్రభుత్వ కాలేజీ అంటే అన్నీ తక్కువ ఫీజు సీట్లే అనుకోవడం కూడా పొరపాటు. ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, మచిలీపట్నం, నంద్యాల కాలేజీలతో పాటు 150 సీట్లతో మొదలైంది. ఈ ఐదింట్లో 15 శాతం అఖిల భారత కోటాకు పోగా, మిగిలినవాటిని 50, 35, 15 శాతాలుగా విడగొట్టి సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు పెట్టారు. అంటే 150లో సగం సీట్లు కూడా 15 వేల ఫీజుకు మిగల్లేదు.

కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు చేపల చెరువుల మీద బతికే ఇళ్లకు ఒక మాట. ఒక పట్టుబడిలో రేటు బాగా పలికిందని బీ సీటుకు సరే అనేస్తారు. 12 లక్షల చొప్పున నాలుగున్నరేళ్లకు ట్యూషన్ ఫీజే 54 లక్షలు. హాస్టలు, మెస్సు, పుస్తకాలు దీనికి అదనం. మేత ధర పెరిగినా, చేప రేటు పడినా, లీజు బాకీ పడినా ఫీజు మాత్రం ఆగదు. నాలుగున్నరేళ్లలో రెండేళ్లు నష్టం వచ్చినా కట్టగలమా అని లెక్క వేయండి. కట్టలేమని తేలితే జాబితాలో బీ ఆప్షన్ ఒక్కటి కూడా రాయొద్దు. పిల్లవాడు మళ్లీ ఒక ఏడాది నీట్ రాయడం, ఉన్న పొలం అమ్ముకోవడం కంటే తక్కువ నష్టం.

ఇక ర్యాంకు. నిరుటి మార్కులతో ఈ ఏటి మార్కులు పోల్చకండి. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి, సవరణ తర్వాత అది 17కి తగ్గింది. మరుసటి ఏడు దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చినవే 686 మార్కులు. పోల్చాల్సింది ర్యాంకునే, అది కూడా మీ కేటగిరీ, మీ ప్రాంతం, ఆఖరి విడతలో సీటు వచ్చిన చివరి ర్యాంకుతో. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటించే కేటాయింపు జాబితాల నుంచి రెండు మూడేళ్ల చివరి ర్యాంకులు తీసి ప్రతి కాలేజీ పక్కనా రాసుకోండి. ఈ అంకెలు మీ సీటు దాదాపు ఎక్కడ తెగుతుందో చెబుతాయి. ఏ కాలేజీ ముందుండాలో వాటిని బట్టి తేల్చకూడదు.

అది తేల్చేది ఆస్పత్రి. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిందీ, మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. బిల్డింగు, ఏసీ హాస్టలు చూసి వచ్చేస్తారు. రెండో ఏడాది నుంచి పిల్లలు వార్డుల్లోకి వెళ్తారు, అక్కడ రోగి లేకపోతే నేర్చుకునేది ఏమీ ఉండదు. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల్లో 150 సీట్ల కాలేజీకి 605 పడకలు ఉండాలి. కాగితం మీది పడకల సంఖ్య కాదు, వాటి మీద ఎవరున్నారో చూడాలి. మామూలు పనిదినాన పొద్దున్నే వెళ్లి ఓపీ క్యూ చూడండి, మధ్యాహ్నం ప్రసూతి వార్డు వైపు నడవండి. హౌస్ సర్జన్ ఎవరైనా కనిపిస్తే మర్యాదగా నాలుగు మాటలు అడగండి: కాన్పులు మీ చేత్తో చేయనిస్తారా? రాత్రి క్యాజువాలిటీకి పాముకాటు, పురుగుమందు కేసులు వస్తాయా? పోస్టుమార్టం ఇక్కడే జరుగుతుందా? స్టైపెండ్ చేతికి అందుతోందా? ఈ నాలుగు జవాబులతో ఏ బ్రోచర్‌లోనూ ఉండని సంగతి తెలుస్తుంది.

ఈ చూపుతో చూస్తే 1923 నాటి విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ వెనక కింగ్ జార్జ్ ఆస్పత్రి ఉంది. 1946 నాటి గుంటూరు కాలేజీకి, 1958 నాటి కాకినాడ రంగరాయకు, 1980 నాటి విజయవాడ సిద్ధార్థకు పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. ఏలూరు ప్రభుత్వ కాలేజీ కొత్తదే కానీ దాని ఆస్పత్రి పాతది. 2020 డిసెంబరులో అంతుచిక్కని జబ్బుతో ఏలూరులో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు ముందు మోసుకెళ్లింది అక్కడికే. రోగులకు అక్కడ కొదవ లేదు. ల్యాబులు, హాస్టళ్లు, ప్రొఫెసర్ల పోస్టుల సంగతే వెళ్లి కనుక్కోవాలి. ఊళ్లోనే ఉన్న ప్రైవేటు కాలేజీ ఆశ్రం 1999 నుంచి నడుస్తోంది, సొంత ఆస్పత్రి ఉంది. అందులో ఏ కేటగిరీ సీటు ముందా, కొత్త ప్రభుత్వ కాలేజీ సీటు ముందా అని చాలామంది తర్జనభర్జన పడతారు. ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చే జనాన్ని బట్టి నా మొగ్గు అటే. అయినా రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి, ఒక పూట తిరిగితే మీ కళ్లతోనే తేల్చుకోవచ్చు.

ఇప్పుడు వరస కట్టాలి. కంప్యూటరు మీ ర్యాంకు వంతు రాగానే మీ మొదటి ఆప్షన్ చూస్తుంది, అక్కడ మీకు చెందే సీటు లేకపోతే రెండోది, తర్వాత మూడోది. పైన పెద్ద కాలేజీ రాసినందువల్ల కింది కాలేజీ చేజారదు. "మనకెలాగూ రాదు కదా, ఆంధ్ర మెడికల్ ఎందుకు రాయడం" అనే మాట వినకండి. చివరి ర్యాంకులు ఏటికేడు మారుతుంటాయి. కైకలూరు అమ్మాయి ఒకరు ఉన్నారనుకుందాం, ఏయూ లోకల్, ఏ కేటగిరీ ఫీజే కట్టగల ఇల్లు. ఆమె కాగితంలో ముందు ఆంధ్ర మెడికల్, గుంటూరు, రంగరాయ, సిద్ధార్థ, వాటి తర్వాత ఏలూరు, రాజమహేంద్రవరం, మచిలీపట్నం, విజయనగరం, ఆపైన ఆశ్రం, చినఅవుటపల్లి పిన్నమనేని, చినకాకాని ఎన్నారై, రాజానగరం జీఎస్ఎల్, అమలాపురం కోనసీమల్లో ఏ కేటగిరీ సీట్లు. వెళ్లనని తెలిసిన కాలేజీని మాత్రం రాయకూడదు. వచ్చిన సీటులో చేరకపోతే ఏమవుతుందో ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఉంటుంది, ఆప్షన్లు ఇవ్వకముందే చదవాలి. తర్వాతి విడతలో పై ఆప్షన్ వస్తే పాత సీటు దానంతటదే పోతుందని కూడా గుర్తుంచుకోండి.

బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలు 2001 నాటి జీవో 550 గురించి తెలుసుకుని రాయాలి. ఓపెన్‌లో సీటొచ్చే ర్యాంకున్న పిల్లవాడు తన కేటగిరీ కింద మెరుగైన కాలేజీకి వెళ్తే, ఖాళీ అయిన ఆ ఓపెన్ సీటు అదే కేటగిరీకి వస్తుంది. తనవల్ల తన వర్గానికి సీటు తగ్గుతుందేమోనని వెనకాడక్కర్లేదు.

ఇదంతా రాష్ట్ర కౌన్సెలింగ్ సంగతి. రెండో దరఖాస్తు మెడికల్ కౌన్సెలింగ్ కమిటీది, అంటే ఎంసీసీది. ప్రభుత్వ కాలేజీల్లోని 15 శాతం అఖిల భారత కోటా, 2018లో మొదలైన మంగళగిరి ఎయిమ్స్, గీతం లాంటి డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అన్నీ అక్కడే. మొదటి రౌండులో వచ్చిన సీటు వద్దనుకుంటే నష్టం లేదు, రెండో రౌండులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. డీమ్డ్‌కు ఆ డిపాజిట్టే 2 లక్షలు.

విదేశాల సంగతి జాబితా అడుగున ఉండాలి, విడి కాగితంలో. 2021 నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, బోధన ఇంగ్లీషులో ఉండాలి. వచ్చాక ఇక్కడ పరీక్ష, మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. వీటిలో ఏది లేదన్నా ఆ దేశాన్ని కొట్టేయండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మనవి. రోజూ వెళ్లి రాదగ్గ ఏలూరు, విజయవాడలతోనే జాబితా ఆపేసి, విశాఖ, కాకినాడలు కొట్టేయకండి. ఏలూరు, గూడెం రెండూ మెయిన్ లైన్ మీదివే, ఎటైనా రైలుంది. ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలకు ఉన్నాయి. మీ అమ్మాయి తన చేత్తో రాసుకున్న వరసలో ఒక్క గీత కూడా మార్చకుండా ఆ ఆప్షన్లు అలాగే పెట్టనివ్వండి.