కప్ప ముక్కు నుంచి మనిషి కంటి దాకా: ఒకే ఆకృతి, ఎన్నో ప్రోటీన్లు

కప్ప ముక్కు లోపలి జిగురు పొరకు, మనిషి కంటిచూపును హరించే నీటికాసుల వ్యాధికి ఏమిటి సంబంధం? ఒక ప్రోటీన్ ఆకృతి. కప్పలో మొదట కనిపించిన ఆ ఆకృతే మన కంట్లోని మరో ప్రోటీన్‌లోనూ ఉందని తర్వాత తేలింది. అది సరిగా మడతపడకపోతే ఏం జరుగుతుందో తెలిశాక, నీటికాసులు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఎందుకు వస్తున్నాయో కూడా అర్థమైంది.

ఆల్ఫాక్టోమెడిన్ అంటే?

1991లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఆన్‌హోల్ట్ బృందం బుల్‌ఫ్రాగ్ అనే పెద్ద కప్ప ముక్కులో వాసన పసిగట్టే కణజాలాన్ని పరిశీలించింది. అక్కడి జిగురు పొరలో ఒక కొత్త గ్లైకోప్రోటీన్ సమృద్ధిగా కనిపించింది. చక్కెర అణువుల గొలుసులు అతుక్కున్న ప్రోటీన్‌నే గ్లైకోప్రోటీన్ అంటారు. ఘ్రాణశక్తికి సంబంధించిన చోట దొరికింది కాబట్టి దానికి ఆల్ఫాక్టోమెడిన్ అని పేరు పెట్టారు.

ఈ ప్రోటీన్ చివరి భాగంలో సుమారు 250 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక విభాగం ఉంటుంది. ప్రోటీన్‌లో తనంతట తానుగా మడతపడి స్థిరమైన ఆకృతి పొందే ఇలాంటి విభాగాన్ని డొమైన్ అంటారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఇదే డొమైన్ ఎన్నో జంతువుల ప్రోటీన్లలో బయటపడింది. సముద్రపు అర్చిన్‌కు గాయమైనప్పుడు దాని శరీర ద్రవంలోని కణాలను ఒకదానికొకటి అతికించి గడ్డ కట్టించే అమాసిన్‌లో ఇది ఉంది. మన నరాల మీద సోడియం చానెళ్లు సరైన చోట గుమిగూడేందుకు తోడ్పడే గ్లియోమెడిన్‌లోనూ ఉంది. ఈ ప్రోటీన్లు చేసే పనులు వేరు. కానీ ఎక్కువ భాగం కణం నుంచి బయటికి స్రవించేవే, లేదా కణం వెలుపలి తలంపై పనిచేసేవే.

ఐదు రెక్కల గాలిపంకా

జాతరలో పిల్లలు కొనుక్కునే కాగితపు గాలిపంకాను గుర్తు తెచ్చుకుంటే ఈ డొమైన్ ఆకృతి సులువుగా అర్థమవుతుంది. ఇందులో ఐదు రెక్కలు ఒక కేంద్రం చుట్టూ వలయంగా అమరి ఉంటాయి. మయోసిలిన్ అనే కంటి ప్రోటీన్‌లోని ఈ డొమైన్ త్రిమితీయ నిర్మాణాన్ని 2015లో జార్జియా టెక్ శాస్త్రవేత్త రాకెల్ లీబర్‌మన్ బృందం ప్రచురించింది. రెక్కల మధ్యనున్న ఖాళీలో ఒక కాల్షియం అయాన్ ఇమిడి ఉండి నిర్మాణానికి స్థిరత్వాన్నిస్తుంది.

అమైనో ఆమ్లాల వరుస ఒక ప్రోటీన్‌కూ మరో ప్రోటీన్‌కూ చాలా మారినా, ఈ ఐదు రెక్కల మడత మాత్రం పరిణామక్రమంలో దాదాపు అలాగే నిలిచింది. అంటే ఏ ఇటుక వాడినా ఇల్లు కట్టే నమూనా ఒక్కటే. అయితే కీలకమైన చోట ఒక్క ఇటుక తప్పినా గోడ కూలిపోవచ్చు.

కంట్లో ఏం జరుగుతుంది?

కంటి ముందు భాగంలో ఒక పలుచని ద్రవం నిరంతరం తయారవుతూ, జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. దారి మూసుకుపోతే ద్రవం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా కంటి ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. అధిక ఒత్తిడి కొనసాగితే మెదడుకు చూపును చేరవేసే నేత్ర నాడి దెబ్బతింటుంది. ఇదే నీటికాసుల వ్యాధి, అంటే గ్లాకోమా.

మయోసిలిన్ ఆ జల్లెడ కణాల్లో ఎక్కువగా తయారవుతుంది. దాని జన్యువులోని లోపాలు నీటికాసులకు కారణమవుతాయని 1997లో ఎడ్విన్ స్టోన్ తదితరులు వెల్లడించారు. పెద్దవారిలో వచ్చే సాధారణ రకం నీటికాసుల కేసుల్లో 2 నుంచి 4 శాతం వరకు ఈ జన్యువుతో ముడిపడినవే. చిన్న వయసులో వచ్చే రకంలో ఈ వాటా ఇంకా ఎక్కువ.

వ్యాధి కలిగించే మార్పుల్లో అత్యధికం ఈ గాలిపంకా డొమైన్‌లోనే ఉన్నాయి. మయోసిలిన్‌లో మొత్తం 504 అమైనో ఆమ్లాలు. ఎక్కువగా కనిపించే ఒక లోపం వల్ల 368వ స్థానం దగ్గరే తయారీ ఆగిపోతుంది. దాంతో చివరి 137 అమైనో ఆమ్లాలు, అంటే డొమైన్‌లో సగానికి పైగా, ఏర్పడనే ఏర్పడవు.

సరిగా మడతపడని ప్రోటీన్ కణం బయటికి వెళ్లలేదు. అంతర్జీవ ద్రవ్యజాలంలో పోగుపడి కణాన్ని ఒత్తిడికి గురిచేస్తుంది. మయోసిలిన్ అణువులు ఒకదానితో ఒకటి జతకట్టే స్వభావం గలవి కావడంతో, లోపమున్నవి మంచివాటినీ లోపలే పట్టి ఉంచుతాయి. అందుకే తల్లి లేదా తండ్రి నుంచి వచ్చిన ఒక్క లోపభూయిష్ట ప్రతి సరిపోతుంది. పిల్లల్లో ప్రతి ఒక్కరికీ అది సంక్రమించే అవకాశం 50 శాతం.

ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, మయోసిలిన్ జన్యువును పూర్తిగా తొలగించిన ఎలుకలకు నీటికాసులు రాలేదు. అంటే కీడు ప్రోటీన్ లేకపోవడం వల్ల కాదు, మడత చెడిన ప్రోటీన్ కణంలో ఇరుక్కుపోవడం వల్ల.

చికిత్సకు ఒక దారి

ఈ అవగాహన కొత్త ఆలోచనకు తలుపు తెరిచింది. కొన్ని లోపాలున్న కణాలను 30 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచితే, అవి మయోసిలిన్‌ను మళ్లీ బయటికి పంపగలిగాయని 2004లో ప్రయోగశాలలో తేలింది. మడత కొంత నిలదొక్కుకోవడమే ఇందుకు కారణం. కంటిని చల్లబరచలేం కానీ, మడతకు తోడ్పడే మందుతో అదే ఫలితం రాబట్టవచ్చు. 2011లో సోడియం ఫినైల్‌బ్యూటిరేట్ అనే మందు ఎలుకల్లో కంటి ఒత్తిడిని తగ్గించింది. మనుషులకు చికిత్సగా మారడానికి ఇంకా దూరం ఉంది.

మన దేశంలోనూ ఈ జన్యువుపై పరిశోధన జరిగింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శాస్త్రవేత్తలు 2005లో భారతీయ రోగుల్లో 48వ స్థానంలోని ఒక మార్పును గుర్తించినట్లు ప్రచురించారు. ఆ స్థానం గాలిపంకా డొమైన్‌కు వెలుపల ఉంది.

2010లో వెలువడిన ఒక అంచనా ప్రకారం, దేశంలో 40 ఏళ్లు దాటినవారిలో 1.12 కోట్ల మందికి నీటికాసులున్నాయి. సాధారణ రకంలో నొప్పి ఉండదు, మొదట పక్కచూపు తగ్గుతుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్న చూపును మాత్రం చికిత్సతో కాపాడుకోవచ్చు. కాబట్టి అమ్మకో నాన్నకో, అన్నకో చెల్లికో ఈ వ్యాధి ఉంటే, ఇంట్లో మిగిలినవారు లక్షణాల కోసం ఎదురుచూడకుండా కంటి ఒత్తిడి, నేత్ర నాడి పరీక్షలు చేయించుకోవాలి.