కీర దోసకాయకు ఆకలి తీరుతుందా?

విద్యార్థులారా! సాయంత్రం బడి గంట కొట్టగానే మీ కాళ్లు ఎటు లాగుతాయో నాకు తెలుసు. మిరపకాయ బజ్జీల బండి దగ్గరికే కదూ! ఆ పక్కనే బుట్టలో కీర దోసకాయలు అమ్ముతుంటారు. రెండూ కడుపు నింపేవే. మరి తేడా ఏమిటి?

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. 100 గ్రాముల కీరను పలుచని చక్రాలుగా తరిగి, పళ్లెంలో పరచి, మంచి ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టండి. అమ్మమ్మ వంకాయ వరుగులు పెట్టినట్లే! తరువాత తూచి చూడండి. మిగిలేది ఐదారు గ్రాములే. పోయినదంతా నీరు. నీటిలో కేలరీలుండవు. అందువల్లనే 100 గ్రాముల కీరలో సుమారు 15 కేలరీలే ఉంటాయి. టమాటా, ముల్లంగిలలో 20 లోపు, క్యారెట్‌లో 40 దాకా ఉంటాయి. అదే నూనెలో వేగిన 100 గ్రాముల బంగాళాదుంప చిప్స్‌లో 500 పైనే! ఎందుకంటే గ్రాము పిండిపదార్థం 4 కేలరీలిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. (మనం వాడుకలో కేలరీ అనేది శాస్త్రరీత్యా కిలో కేలరీ.)

అయితే కడుపు నిండిన సంగతి మనకెలా తెలుస్తుంది? 1912లో అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రజ్ఞుని శిష్యుడు వాష్‌బర్న్ ఒక రబ్బరు బుడగను మింగాడు. దానికి గొట్టం తగిలించి జీర్ణాశయం కదలికలను నమోదు చేశారు. జీర్ణాశయం గట్టిగా ముడుచుకున్నప్పుడే అతనికి ఆకలి నొప్పి కలిగింది. కాని కథ అక్కడితో ఆగలేదు. ఆహారం చేరి జీర్ణాశయం గోడలు సాగితే, వేగస్ నాడి ఆ వార్తను మెదడుకు చేరవేస్తుంది. ఆకలిని పెంచే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

“అలాగైతే నీళ్లు తాగితే సరిపోదా మాస్టారూ?” అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న! 1999లోనే అమెరికాలోని పెన్సిల్వేనియాలో దీనిని పరీక్షించారు. ఒకే ఆహారాన్ని ఒకసారి గ్లాసు నీళ్లతో, మరొకసారి అవే నీళ్లు కలిపి సూపుగా కాచి ఇచ్చారు. సూపు తాగిన రోజున తరువాతి భోజనం తక్కువగా తిన్నారు. విడిగా తాగిన నీళ్లు ఆ పని చేయలేదు. కూరగాయలలో నీరు కణాలలో బంధించబడి ఉంటుంది. పైగా పీచు ఉంటుంది కాబట్టి బాగా నమలాలి. నమిలి తింటే కడుపు నిండిన వార్త మెదడుకు చేరే వ్యవధి దొరుకుతుంది.

ఇక అసలు విషయం. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సన్నబడాలని ఉదయం, మధ్యాహ్నం కీర ముక్కలతోనే సరిపెట్టి, ఒకరోజు ప్రార్థన వేళ కళ్లు తిరిగి పడిపోయింది. లెక్క కట్టండి. 200 గ్రాముల కాయలు నాలుగు తిన్నా 120 కేలరీలే. ఆ వయసు ఆడపిల్లకు రోజుకు సుమారు 2,400 కావాలి. ఎముకలకు కాల్షియం, రక్తానికి ఇనుము, కండకు మాంసకృత్తులు కీర ఒక్కటే ఇవ్వలేదు. సాగిన జీర్ణాశయం మెదడును కాసేపు ఊరుకోబెడుతుంది గాని, పెరిగే శరీరాన్ని పోషించదు.

కాబట్టి కీర, ముల్లంగి, క్యారెట్ ముక్కలను భోజనానికీ భోజనానికీ నడుమ, బజ్జీలకు బదులుగా తినండి. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగులకు బదులుగా కాదు. ముక్కలు బాగా కడగండి, ఉప్పు తక్కువ చల్లండి. బడి వదిలాక ఇంకా బాగా ఆకలేస్తే అది నిజమైన ఆకలే. గుప్పెడు వేరుసెనగలు గాని ఉడికించిన సెనగలు గాని జతచేయండి.

ఆలోచించండి: 100 గ్రాముల వంకాయలోకన్నా 100 గ్రాముల వంకాయ వరుగులలో కేలరీలు ఎందుకు ఎక్కువ?