చలికాలం జ్వరం: ఇంట్లో ఒక రోజు



నవంబరు నుంచి జనవరి దాకా అరకులోయలో మా ఫస్ట్ క్లాస్ గదిలో పాఠం కంటే దగ్గులే ఎక్కువ వినిపిస్తాయి. రాత్రిళ్లు ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. పొద్దున్న చాలాసేపటి వరకు పొగమంచు వీడదు. వలిసె పూలు చూడడానికి వచ్చేవాళ్లకు ఇది సీజన్. చిన్నపిల్లలున్న ఇళ్లకు మాత్రం జలుబులు, జ్వరాల కాలం. అందుకే ఈ నెల ఇంగ్లిష్ గ్రామర్ పక్కన పెట్టి, పిల్లలకు ఒంట్లో బాగోని రోజు ఇంట్లో ఎలా గడపాలో రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది ఒక్క రోజు కూడా మానని పిల్లలకు గోడమీద చార్టులో స్టార్ అంటించేదాన్ని. ఒకరోజు గేటు దగ్గర ఓ తల్లి, "స్టార్ పోతుందని ఒకటే ఏడుపు మేడమ్, సిరప్ పట్టి తీసుకొచ్చాను" అన్నారు. పదకొండు గంటలకల్లా ఆ పాప బెంచీ మీద తల వాల్చేసింది. ఒళ్లు కాలిపోతోంది. వారం తిరక్కుండా సగం క్లాసు దగ్గు పట్టి ఇంటి దగ్గరే ఉంది. ఆ చార్టు తీసేశాను. తర్వాత డిసెంబరులో మా ఇంట్లోనే ఇద్దరూ పడ్డారు. పాపకు ఐదేళ్లు, బాబుకు ఏడాదిన్నర. ఆయన ఉద్యోగం విశాఖలో. నేను సెలవు పెట్టాను. ఇంట్లో నేను, అత్తయ్య, పిల్లలు.

ఉదయం: సిరప్ పట్టి బడికి పంపొద్దు

థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే జ్వరమే. చెయ్యి పెట్టి చూస్తే సరిగ్గా తెలియదు. పారాసిటమాల్ కొన్ని గంటలు వేడి తగ్గిస్తుంది, అంతే. జబ్బును తగ్గించదు, పక్క పిల్లలకు అంటకుండా ఆపదు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే అప్పుడు బడికి పంపండి.

ఇంకో జాగ్రత్త. పారాసిటమాల్ సిరప్ ఒకే పేరుతో రెండు బలాల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 మిల్లీగ్రాములు ఉండేది ఇంకొకటి. పాత సీసా కొలత కొత్త సీసాకు వాడితే మోతాదు రెట్టింపు అయిపోవచ్చు. డోసు బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పాలి. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, మందు వేసిన టైము రాస్తాం. లేకపోతే నేనొకసారి, అత్తయ్య ఒకసారి వేసేస్తాం!

దగ్గు సిరప్ సంగతి వేరు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన విషయం మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ హెచ్చరించింది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఐదేళ్లలోపు వారికి మామూలుగా అవి సిఫార్సు చేయరు. పోయినసారి మిగిలిపోయిన యాంటీబయాటిక్ కూడా వేయొద్దు.

మధ్యాహ్నం: కొంచెం కొంచెంగా, చాలాసార్లు

జ్వరంలో పిల్లలు అన్నం వద్దంటారు. బలవంతం పెట్టాల్సిన పని లేదు, కానీ నీళ్లు ఆగకూడదు. మా ఇంట్లో గంజి, పల్చటి చోడి అంబలి, పప్పుకట్టు పనిచేశాయి. అరగంటకోసారి నాలుగు చెంచాలు. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు మరింత తరచుగా ఇవ్వాలి. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె దగ్గును ఉపశమింపజేస్తుంది. ఏడాదిలోపు పిల్లలకు తేనె అస్సలు పెట్టకూడదు. చలికాలంలో వాంతులు, విరేచనాలూ వస్తాయి. అప్పుడు లీటరు నీళ్లలో కలిపే పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన లీటరు నీళ్లలోనే కలపండి. అర గ్లాసులో కొంచెం పొడి వేసి అందాజాగా కలపొద్దు.

మూత్రం సరిగ్గా పోస్తున్నారా లేదా గమనించండి. ఆరేడు గంటలు పోయకపోతే నీళ్లు చాలడం లేదని గుర్తు.

సాయంత్రం: ఊపిరి లెక్క పెట్టండి

ఆ రోజు నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకి ఎత్తి, ఫోన్లో టైమర్ పెట్టి, పూర్తిగా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. ఈ సంఖ్యలు గుర్తుపెట్టుకోండి.

రెండు నెలల లోపు: 60 లేదా అంతకంటే ఎక్కువ.
రెండు నెలల నుంచి ఏడాది లోపు: 50 లేదా ఎక్కువ.
ఏడాది నుంచి ఐదేళ్ల లోపు: 40 లేదా ఎక్కువ.

ఇంత వేగం ఉంటే న్యుమోనియా కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. సాయంత్రం ఆరున్నరకు మా బాబుకు లెక్కపెడితే 48 వచ్చింది. నమ్మలేక నిద్రపోయాక మళ్లీ పెట్టాను. 46. జ్వరం వంద దగ్గరే ఉంది, నవ్వుతున్నాడు కూడా. "రేపు పొద్దున్న చూద్దాంలే, ఈ మంచులో ఎక్కడికి?" అన్నారు అత్తయ్య. ఆ లెక్క లేకపోతే నేనూ అలాగే అనుకునేదాన్ని. బాబును శాలువాలో చుట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. న్యుమోనియా మొదలైందని చెప్పి మందు ప్రారంభించారు. ఐదో రోజుకు ఆడుకుంటున్నాడు. మనకు పెద్దాసుపత్రి అంటే ఘాట్ రోడ్డులో విశాఖ దాకా సుమారు 115 కిలోమీటర్లు. జబ్బు ముదిరాక ఆ దారి చాలా పొడవైపోతుంది.

రాత్రి: కుంపటి గది బయటే

చలికి తలుపులన్నీ మూసి, గదిలో కుంపటి పెట్టుకోవడం మన వైపు మామూలే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి కాచుకుని, పడుకునే ముందు బయట పెట్టేయండి. కట్టెల పొయ్యి పొగ కూడా పసిపిల్లల ఊపిరితిత్తులకు చేటు. వంట అయ్యేదాకా బిడ్డను ఇంకో గదిలో ఉంచండి. ముక్కులో కర్పూరం రాయడం, వేడినీళ్ల గిన్నె ముందు ఆవిరి పట్టించడం వద్దు. కర్పూరం పసివాళ్లకు విషమవుతుంది, ఆవిరి గిన్నె ఒలికి పిల్లలు కాలుతారు. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు. అత్తయ్యకు ఈ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పేజీ చదివి వినిపించండి.

మన కొండల్లో ఇంకో మాట

ఏజెన్సీలో జ్వరమంటే జలుబు ఒకటే అనుకోకూడదు. మలేరియా ఉన్న ప్రాంతం మనది. జ్వరం వచ్చిన 24 గంటల్లో రక్త పరీక్ష చేయించాలి. ఆశా కార్యకర్తను అడగండి. వానల తర్వాత నుంచి చలికాలం దాకా స్క్రబ్ టైఫస్ కూడా వస్తుంది. చంకలు, గజ్జలు, చెవుల వెనక మాడినట్టున్న నల్లటి పుండు కనిపిస్తే డాక్టరుకు తప్పక చూపించండి.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి

డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం. పెదాలు నీలంగా మారడం. నీళ్లు, పాలు అస్సలు తాగకపోవడం. తాగినదంతా కక్కేయడం. ఫిట్స్. లేపినా సరిగ్గా లేవకపోవడం. రెండు నెలలలోపు బిడ్డకు జ్వరం ఎంత ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మరి చదువు?

జ్వరం ఉన్న రోజు వర్క్‌షీట్ వద్దు. పడుకోనివ్వండి, కథ చెప్పండి. తేరుకున్నాక పావుగంట పుస్తకం పైకి చదివితే సరిపోతుంది. మా పాప ఆ రోజు థర్మామీటరులో అంకెలు చదివి, నాతో పాటు తమ్ముడి ఊపిరి నలభై దాకా లెక్కపెట్టింది. నలభై తర్వాత తడబడింది. వారం తర్వాత బడికి వెళ్లి వంద దాకా నేర్చుకుంది.

పోయిన పాఠం నేను మళ్లీ చెబుతాను. నా క్లాసులో ఇప్పుడు స్టార్ చార్టు లేదు. పిల్లకు ఒంట్లో బాగోలేదని పొద్దున్నే డైరీలో రాసినా, ఫోన్ చేసి చెప్పినా చాలు. మీకు సెలవు దొరకని రోజు కూడా దాచకుండా చెప్పండి. ఏం చేయాలో కలిసి ఆలోచిద్దాం.